ఎర్రగడ్డల చీజ్ బేక్: నీళ్లు ఎందుకు ఊరాయి, ఎలా సరిచేసుకోవాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇది. వీడియో చూసి టెనెసీ ఆనియన్స్ చేశారు. సీ క్యాంప్ రైతు బజారులో కొన్న ఎర్రగడ్డల్ని చక్రాలుగా కోసి, వెన్న ముక్కలు, మూడు రకాల చీజ్ వేసి, 180 డిగ్రీల దగ్గర అరగంటకు పైగా ఓటీజీలో (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్) పెట్టారు. బయటికి తీస్తే అడుగున గ్లాసెడు నీళ్లు, పైన తోలులా సాగే చీజ్, మధ్యలో పచ్చివాసన పోని గడ్డ. ఆదివారం పది మంది భోజనానికి వస్తున్నారు, ఇంకా మంచి చీజ్ కొంటే కుదురుతుందా అని అడిగారు.

కుదరదండీ. ఎంత ఖరీదైన చీజ్ వేసినా మళ్లీ ఇదే అవుతుంది. నేను కర్నూలులో కేటరింగ్ చేస్తాను, సెలవుల్లో బేకింగ్ క్లాసులు చెబుతాను. ఈ వంట గురించి నా దగ్గరికి వచ్చే ఫిర్యాదులన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి: కింద నీళ్లు, పైన రబ్బరు. డబ్బు పెట్టాల్సింది చీజ్ మీద కాదు, సమయం పెట్టాల్సింది గడ్డ మీద. చీజ్ వేయకముందే గడ్డలోని నీళ్లు చాలావరకు పోవాలి. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క పని గురించే.

ముందు ఆ వీడియో వంటకం మన దగ్గర ఎందుకు తేడా కొడుతుందో చూడండి. అమెరికా వాళ్లు దానికి వాడేది విడేలియా లాంటి తీపి ఉల్లి. అది జార్జియా రాష్ట్రంలో, గంధకం తక్కువగా ఉన్న ఇసుక నేలల్లో పండుతుంది. ఏ ప్రాంతంలో పండినదాన్ని ఆ పేరుతో అమ్మాలో 1986లో అక్కడ చట్టమే చేశారు, 1990లో దాన్ని రాష్ట్ర కూరగాయగా ప్రకటించారు. తీపి ఉల్లి అంటే చక్కెర ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరే. నేలలో గంధకం తక్కువైతే గడ్డలో ఘాటు తక్కువగా తయారవుతుంది, ఉన్న తీపి నాలుకకు తెలుస్తుంది. అందుకే దాన్ని సగం ఉడికినా తినేయొచ్చు. మన గడ్డలో కూడా చక్కెర బాగానే ఉంది, కాకపోతే ఘాటు దాన్ని కప్పేస్తుంది. ఆ ఘాటు వేడికి ఎగిరిపోయేదే. కానీ ఎగరడానికి దారి ఉండాలి. పచ్చి చక్రాల మీద మొదటి నిమిషం నుంచే చీజ్ మూత వేసేస్తే ఆవిరీ పోదు, ఘాటూ పోదు. రెండూ లోపలే తిరుగుతూ ఉంటాయి.

ఇక నీళ్ల లెక్క. ఉల్లిగడ్డలో నూటికి 88, 89 పాళ్లు నీరే. కిలో గడ్డలు కోసి పెట్టారంటే ఆ పళ్లెంలో ముప్పావు లీటరుకు పైగా నీళ్లు పోసినట్టే. ఉప్పు తగలగానే అవి బయటికి రావడం మొదలవుతుంది. మీరు వేసిన వెన్నలోనూ కొంత నీరుంది, మోజరెల్లాలో సగం దాకా నీరే. ఇవన్నీ పోవడానికి 180 దగ్గర అరగంట చాలదు. పోయేదాకా ఉంచితే ఈలోగా చీజ్ మాడుతుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదే.

ఏ గడ్డ కొనాలంటే, అది నెలను బట్టి ఉంటుంది. మన జిల్లాలో ఖరీఫ్ పంటదే జోరు. ఆగస్టు చివర నుంచి కర్నూలు మార్కెట్ యార్డుకు కొత్త గడ్డ దిగుతుంది. వానలో తడిసి వచ్చిన ఆ గడ్డకు పొర పలచన, నీరు ఎక్కువ, నిలవ ఉండదు. రైతుకు ధర రాక ఏడ్చే గడ్డ కూడా అదే, ఆ సంగతి ఇక్కడ మొదలుపెడితే వంట పక్కకు పోతుంది. కూరకు బాగుంటుంది కానీ బేకింగ్‌కు దానితో పని ఎక్కువ. మిగతా నెలల్లో మనకు వచ్చేది ఎక్కువగా మహారాష్ట్ర నుంచి, అక్కడ యాసంగిలో తీసి ఆరబెట్టి నిలవ చేసిన గడ్డ. పైపొరలు ఎండి గలగలమంటాయి, మెడ దగ్గర నొక్కితే గట్టిగా ఉంటుంది. బేకింగ్‌కు ఇదే నా మొదటి ఓటు. కొత్త గడ్డే దొరికితే రెండు రోజులు చాటలో పరిచి, గాలి తగిలే నీడలో ఆరనివ్వండి. కొంచెమైనా తేడా ఉంటుంది. తెల్ల ఉల్లి దొరికితే అదీ మంచిదే, ఘాటు తక్కువ, రంగు కూడా చీజ్‌తో బాగా కలుస్తుంది. ఎర్రగడ్డ ఎక్కువసేపు వేగితే కాస్త నల్లబడ్డట్టు కనిపిస్తుంది, రుచికి మాత్రం లోటు రాదు.

కడప జిల్లాలో ఎగుమతి కోసం పండించే కేపీ (కృష్ణాపురం) ఉల్లి మీ వాళ్లెవరైనా తెచ్చిస్తే దాన్ని దీనికి వాడకండి అని చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పచ్చిగా తింటే కళ్లలోంచి నీళ్లు తెప్పించే గడ్డే, కానీ నిదానంగా వేయిస్తే దాని రుచి ముందు మామూలు గడ్డ చప్పగా అనిపిస్తుంది. చిన్నగా ఉంటాయి కాబట్టి తొక్క తీయడానికే ఓపిక కావాలి. పది మందికైతే వద్దు, ఇంట్లో ముగ్గురికో నలుగురికో అయితే ప్రయత్నించండి.

ఘాటు పోవడానికి కోసిన ముక్కల్ని చల్లటి నీళ్లలో నానబెట్టమని కొన్ని వీడియోల్లో చెబుతారు. సలాడ్‌కైతే సరే. దీనికి అలా చేశారంటే మనం వదిలించుకోవాలనుకుంటున్న నీళ్లను మనమే మళ్లీ ఎక్కించినట్టు.

ఇప్పుడు చేసే పద్ధతి. ఆరుగురికి పక్క వంటకంగా కిలో గడ్డలు పడతాయి. మీ పది మందికి రెండు కిలోలు తీసుకోండి, రెండు పళ్లేల్లో చేయండి. ఒకే పళ్లెంలో కుక్కితే మళ్లీ ఆవిరి సమస్య వస్తుంది. నేను కిలో లెక్కన చెబుతాను.

గడ్డను పైనుంచి కిందికి సగం చేసి, నిలువుగా వేలి మందంలో సగం ఉండేలా కోయండి. చక్రాలు చూడటానికి బాగుంటాయి కానీ వేగేటప్పుడు రింగులు విడిపోతాయి, చెంచాతో తీస్తే చీజ్ మొత్తం ఒకే దుప్పటిలా లేచి వస్తుంది. నిలువు ముక్కలు ఆకారం నిలుపుకుంటాయి, వడ్డించడం తేలిక. మరీ సన్నగా పకోడీకి కోసినట్టు కోస్తే జావైపోతుంది.

వెడల్పాటి మందపాటి మూకుడులో మూడు చెంచాల శనక్కాయ నూనె వేడి చేసి ముక్కలు వేయండి. అర టీ చెంచా ఉప్పు ఇప్పుడే వేయాలి. ఉప్పు నీళ్లను లాగుతుంది, మూత లేదు కాబట్టి ఆ నీళ్లు ఎగిరిపోతాయి. మూత పెట్టొద్దని మరోసారి చెబుతున్నాను, ఎందుకంటే మన చేతికి మూత పెట్టే అలవాటు బాగా ఉంది. మొదటి పది నిమిషాలు మంట కొంచెం ఎక్కువగానే ఉంచి, అప్పుడప్పుడు తిప్పండి. ముక్కలు మెత్తబడి, అడుగున నీటి చప్పుడు పోయి నూనె చప్పుడు వినిపిస్తుంది. అక్కడి నుంచి మంట తగ్గించి మరో పది, పదిహేను నిమిషాలు. అంచులు తేనె రంగుకు రావాలి. బిరియానీ మీద చల్లే బ్రౌన్ ఆనియన్ దాకా వెళ్లకూడదు, అలా వెళితే చీజ్ కింద చేదు వస్తుంది. కిలో పచ్చి గడ్డ దాదాపు సగానికి తగ్గుతుంది. ఇంత తక్కువైందేమిటి అని కంగారు పడకండి, పోయింది నీళ్లే.

తొందరగా రంగు రావాలని చిటికెడు వంట సోడా వేసేవాళ్లున్నారు. నిజమే, సోడా వేస్తే రంగు త్వరగా వస్తుంది, గడ్డ కూడా త్వరగా మెత్తబడుతుంది. చట్నీకైతే పనికొస్తుందేమో, ఇక్కడ ముక్క ముక్కలా ఉండాలి కాబట్టి నేను వేయను.

స్టవ్ దగ్గర నిలబడే ఓపిక లేకపోతే ఓటీజీలోనే చేయొచ్చు. 200 డిగ్రీలకు పది, పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేసి, నూనె పట్టించిన ముక్కల్ని వెడల్పాటి ట్రేలో ఒకే వరుసగా పరిచి, 30 నిమిషాల పాటు, మధ్యలో రెండుసార్లు తిప్పుతూ కాల్చండి. ఒకటి గుర్తుంచుకోండి, మన ఇళ్లలోని ఓటీజీల్లో నాబ్ మీద రాసిన డిగ్రీకి, లోపల ఉండే వేడికి పొంతన ఉండకపోవడం మామూలే. మీది ఎక్కువ కాలుస్తుందో తక్కువ కాలుస్తుందో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది, దాన్ని బట్టి సర్దుకోండి.

ఇక్కడ మన రాయలసీమ పని ఒకటి. వేగిన గడ్డల్లో చివరి రెండు నిమిషాల ముందు ఒక పెద్ద చెంచా ఎర్రకారం కలపండి. దోసె మీద పూసుకునే ఎర్రకారమే: నానబెట్టిన ఎండుమిరపకాయలు, కాసిని తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు, ఒక చిన్న ఎర్రగడ్డ, ఉప్పు వేసి నూరింది. అమెరికా వంటకంలో వెల్లుల్లి పొడి, ఒరెగానో, మిరప పొడి వేసే చోట ఇది వేయాలన్నమాట. చీజ్‌లో కొవ్వు, ఉప్పు ఎక్కువ, వేగిన గడ్డలో తీపి ఎక్కువ. వాటి మధ్య కారం లేకపోతే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది. పచ్చివాసన పోయేలా గడ్డలతో పాటు తప్పకుండా వేగనివ్వాలి. పిల్లలు తినేదైతే బ్యాడిగి మిరపకాయతో చేయండి, రంగు వస్తుంది, మంట తక్కువ. ఒరెగానో ప్యాకెట్ మిగిలిందని రెండూ కలిపి మాత్రం వేయకండి.

చీజ్ సంగతికి వద్దాం. కిలో గడ్డలకు మొత్తం 150 గ్రాములు చాలు. వీడియోల్లో దీనికి రెండింతలు వేస్తారు, అది కెమెరా కోసం. అందులో 100 గ్రాములు మోజరెల్లా, 50 గ్రాములు మామూలు ప్రాసెస్డ్ చీజ్, అంటే అమూల్ క్యూబులైతే రెండు. మోజరెల్లా సాగుతుంది, దానికంటూ పెద్దగా రుచి ఉండదు. ప్రాసెస్డ్ చీజ్ సాగదు, కానీ ఉప్పగా, ఘాటుగా రుచి ఇస్తుంది. పైగా దాన్ని తయారు చేసేటప్పుడు వేసే లవణాల వల్ల కొవ్వు విడిపోకుండా నున్నగా కరుగుతుంది. కాబట్టి రెండూ కలపడం పొదుపు కోసం చేసే సర్దుబాటు అనుకోకండి, నా చేతిలో చెడ్డార్ ఉన్నా ఒక క్యూబ్ ప్రాసెస్డ్ చీజ్ వేస్తాను. చెడ్డార్ దొరికితే క్యూబుల్లో సగం తగ్గించి అది వేయండి. పార్మెజాన్ కోసం హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాల్సిన పని లేదు.

పనీర్ వేయొచ్చా అని నన్ను ప్రతి క్లాసులో అడుగుతారు. పనీర్ కరగదు. పాలను వేడి మీద నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరగ్గొట్టి చేసింది కాబట్టి ఎంత వేడి పెట్టినా నీళ్లు వదిలి గట్టిపడుతుందే తప్ప సాగదు. తురిమి గడ్డల్లో కలుపుకుంటే తినడానికి బాగుంటుంది, చీజ్ బదులుగా మాత్రం పనికిరాదు.

చీజ్ తోలులా ఎందుకైందంటే, ఎక్కువసేపు వేడి తగిలితే అందులోని ప్రోటీన్ బిగుసుకుపోయి కొవ్వును, నీటిని బయటికి నెట్టేస్తుంది. పైన నూనె మడుగు కనిపిస్తే అర్థం అదే. అందుకే చీజ్‌కు ఓవెన్‌లో పది నిమిషాలకు మించి పని ఉండకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే గట్టిగా ఉన్నప్పుడే తురమండి. కర్నూలు ఎండల్లో కొట్టు నుంచి ఇంటికి వచ్చేలోపే మోజరెల్లా మెత్తబడుతుంది, మే నెలలో అయితే ఐస్ పెట్టిన డబ్బా తీసుకెళ్లి కొనండి. శాకాహారులైతే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకోండి. కొన్ని దిగుమతి చీజ్‌లు దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో (పాలను గడ్డకట్టించే పదార్థం) చేస్తారు.

పళ్లెంలో సర్దేటప్పుడు గడ్డలు ఒక అంగుళం మందానికి మించకుండా పరవండి. తురిమిన చీజ్‌లో మూడో వంతు గడ్డల్లో కలిపేసి, మిగతాది పైన చల్లండి. అంతా పైనే వేస్తే పొర ఒకవైపు, గడ్డ ఒకవైపు అవుతాయి. దాని పైన కరకరలాడే పొర కోసం అక్కడ బ్రెడ్ పొడి వేస్తారు. నేను రెండు రస్కులు పొడి చేసి, అందులో రెండు చెంచాల పప్పుల పొడి, ఒక చెంచా కరిగించిన వెన్న కలిపి చల్లుతాను. ఉగ్గాని మీద వేసుకునే పప్పుల పొడే. కాస్త నీరు మిగిలినా అది పీల్చేస్తుంది, కమ్మటి వాసన కూడా వస్తుంది.

200 డిగ్రీల దగ్గర, బాగా వేడెక్కిన ఓటీజీలో మధ్య అరలో ఎనిమిది నుంచి పది నిమిషాలు. గడ్డలు వేడిగా ఉన్నప్పుడే పెడితే ఈ సమయం సరిపోతుంది, ఫ్రిజ్‌లోంచి తీసినవైతే ముందు మూకుడులో వేడి చేసుకుని సర్దండి. చివరి రెండు నిమిషాలు పై రాడ్ మాత్రమే ఉంచి, అక్కడే నిలబడి చూడండి. ఫోన్ వస్తే ఎత్తకండి. బయటికి తీశాక ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే చీజ్ కొంచెం సర్దుకుంటుంది, వడ్డించడానికి వీలవుతుంది. గాజు పళ్లెమైతే తడి గట్టు మీద పెట్టొద్దు, మందపాటి గుడ్డ మీద పెట్టండి.

కొందరికి ఇంత పొడిపొడిగా కాక క్రీమ్‌లా ఉండటం ఇష్టం. అప్పుడు వైట్ సాస్ చేసుకోవాలి. రెండు చెంచాల వెన్నలో రెండు చెంచాల మైదా పచ్చివాసన పోయేలా, రంగు మారకుండా వేయించి, 300 మిల్లీలీటర్ల పాలు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పితే చిక్కబడుతుంది. వేగిన గడ్డలు అందులో కలిపి, పైన చీజ్ 75 గ్రాములు చాలు. మైదా లేకుండా ఉత్త పాలు, మీగడ పోస్తే మాత్రం గడ్డ రసానికి, ఉప్పుకు విరిగే ప్రమాదం ఉంది. మైదాలోని పిండి పదార్థం అలా విరగకుండా కాపాడుతుంది. పెద్దవాళ్లు, పిల్లలు ఎక్కువగా ఉన్న విందుల్లో నేను ఇదే చేస్తాను. నా ఇష్టం మాత్రం సాస్ లేనిదే.

ఓటీజీ లేనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ ఉంటే అది వాడండి. ఉత్త మైక్రో మోడ్‌లో చీజ్ కరుగుతుంది, రంగు రాదు. ఏదీ లేకపోతే మూకుడులోనే వేగిన గడ్డల మీద చీజ్ చల్లి, సన్నని మంట మీద మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచండి. ఈ వంటలో మూతకు అనుమతి ఉన్న చోటు ఇదొక్కటే. రస్కు, పప్పుల పొడి మిశ్రమాన్ని వేరే పెనం మీద ఎర్రగా వేయించి పైన చల్లుకోండి. ఓవెన్‌లో చేసినట్టే ఉంటుందని అబద్ధం చెప్పను, కానీ తినేవాళ్లు గిన్నె ఖాళీ చేస్తారు. ప్రెషర్ కుక్కర్‌లో ఉప్పు పోసి ఖాళీగా గంటసేపు వేడి చేసే పద్ధతి నాకు నచ్చదు, ఇంత చిన్న పనికి కుక్కర్ పాడుచేసుకోవడం దేనికి.

మీ ఆదివారం సంగతి. గడ్డలు శనివారం రాత్రే వేయించి చల్లార్చి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, మరుసటి రోజుకు రుచి తగ్గదు. చీజ్ కూడా తురిమి పెట్టుకోవచ్చు, కానీ రెండూ కలిపి ఉంచకండి. అందరూ వచ్చి కూర్చుంటున్నప్పుడు ఓవెన్‌లోకి వెళ్లాలి. ఓటీజీ కరెంటు బాగా లాగుతుంది, ఇన్వర్టర్ మీద నడపాలని చూడకండి. కరెంటు పోతుందన్న టెన్షన్ ఉంటే పైన చెప్పిన మూకుడు పద్ధతి సిద్ధంగా ఉంచుకోండి. అన్నట్టు, మొన్న ఒకరి ఇంట్లో విందుకు అన్నీ సిద్ధం చేశాక ఆ రోజు ఏకాదశి అని తేలింది, సగం మంది ఉల్లి ముట్టరు. పిలిచేముందు క్యాలెండర్ చూడండి.

దేనితో వడ్డించాలి అని కూడా అడిగారు. మీరు బిరియానీ అనుకుంటున్నారు, నా సలహా వద్దని. మసాలా మీద చీజ్ బరువు ఎక్కువవుతుంది, పక్కన పెరుగు పచ్చడి ఉంటే ఇంకా కలవదు. నెయ్యన్నం, కాల్చిన చికెన్ లేదా కబాబులు పెట్టండి. వేడి జొన్నరొట్టెతో ఇది చాలా బాగుంటుంది, ఎర్రకారం వేశాం కాబట్టి. రాగి సంగటితో మాత్రం నేను పెట్టను, సంగటికి పలచటి పులుసో ఊరుబిండో కావాలి.

మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. మళ్లీ ఓవెన్‌లో పెడితే చీజ్ గట్టిపడుతుంది కాబట్టి పెట్టకండి. పొద్దున దోసె పోసి, తిప్పకుండా పైన ఒక గరిటె ఇది పరిచి, మంట తగ్గించి కాల్చండి.